బంగారు గని వస్తే ఊరు ఏమవుతుంది? కోనసీమలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మాది రాజోలు వైపు. ఘనాలో ఒక బంగారు గనిలో ఆరేళ్ళు పనిచేశాను. గనిలో అంటే సొరంగంలో కాదు. గని కోసం ఖాళీ చేయించే ఊళ్ళలో ఇళ్ళు, పంటలు, చెట్లు లెక్కపెట్టే విభాగంలో. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ టీ కొట్టు దగ్గరా, పెళ్ళి భోజనాల దగ్గరా ఇవే ప్రశ్నలు. పిల్లలకి ఆఫ్రికా గనుల్లో ఉద్యోగం వచ్చినవాళ్ళు అడుగుతారు. బైపాస్ రోడ్డుకో గ్యాస్ పైపులైనుకో పొలం నోటీసు అందుకున్నవాళ్ళూ అడుగుతారు. చిత్రమేమిటంటే ఇద్దరి అనుమానాలూ ఒకటే. ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పలేక ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది. నేను వకీలుని కాను, సంతకం పెట్టే ముందు ఒక వకీలుకి కాగితం చూపించుకోండి.

## గని రాకముందు

గోదావరి ఇసుకలో కూడా బంగారం ఉందంటున్నారు. రేపు మన ఊళ్ళూ ఖాళీ చేయిస్తారా?

ఆ టెన్షన్ అక్కర్లేదు. మనది నది తెచ్చి పోసిన ఒండ్రు. మన రాష్ట్రంలో గని పెట్టేంత బంగారం రాయలసీమ పాత రాళ్ళలో ఉంది: కర్నూలు జిల్లా జొన్నగిరి, అనంతపురం వైపు రామగిరి, చిత్తూరు జిల్లా చిగురుగుంట. మన కింద ఉన్నది గ్యాసు, మన ఒడ్డున ఉన్నది ఇసుక. ఆ రెండిటి కోసమూ గొడవలు తక్కువేం కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి 65 రోజులు మండిన సంగతి మా వయసు వాళ్ళకి ఇంకా కళ్ళ ముందే ఉంది.

మా చేలో బంగారం పడితే అది నాదే కదా?

తవ్వుకునే హక్కు మీకుండదు. బంగారం ప్రధాన ఖనిజం. 1957 నాటి గనుల చట్టం కింద లీజు లేకుండా ఎవరూ తవ్వకూడదు, పట్టాదారైనా సరే. లీజు వచ్చిన కంపెనీ మాత్రం మీ నేల మీద అడుగు పెట్టినందుకు, పంట పోయినందుకు మీకు పరిహారం కట్టాలి, అది అదే చట్టంలో ఉంది.

దీంతో పాటు ఎప్పుడూ వచ్చే ఇంకో ప్రశ్న: పునాది తవ్వుతుంటే లంకెబిందెలు దొరికితే? దానికి 1878 నాటి వేరే చట్టం ఉంది. విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పి తీరాలి. పది రూపాయల బంగారం ఇప్పుడు కంటికి కనపడదు, కానీ ఆ అంకె అలాగే ఉంది.

బంగారం కోసం ఊరినే ఎందుకు లేపాలి? సొరంగం తవ్వుకోవచ్చు కదా?

కోలార్లో అలాగే తవ్వారు, మూడు కిలోమీటర్లకు పైగా లోతుకి. తొలి రోజుల్లో అక్కడ టన్ను రాయికి పదుల గ్రాముల బంగారం ఉండేది, కాబట్టి గిట్టింది. ఇప్పుడు ప్రపంచంలో చాలా గనులు టన్నుకి ఒకటి రెండు గ్రాముల రాయితో నడుస్తున్నాయి. టన్నుకి ఒక గ్రామైతే ఒక కాసుకి ఎనిమిది టన్నుల రాయి. పది కాసుల గొలుసుకి ఎనభై టన్నులు. దాన్ని చేరడానికి పైనున్న పనికిరాని రాయి అంతకు ఎన్నో రెట్లు తీయాలి. అంత తక్కువ సరుక్కి సొరంగం ఖర్చు గిట్టదు. అందుకే పైనుంచి చెరువులా తవ్వుకుపోతారు.

ఒక్క గొయ్యితో అయిపోదు. తీసిన రాయి పోసే గుట్టలు, బంగారం విడదీయడానికి సైనైడు కలిపిన బురద నిలవుండే పెద్ద ఆనకట్ట, మిల్లు, రోడ్లు కావాలి. బాంబు పేల్చినప్పుడు రాళ్ళు ఎగిరొచ్చే దూరంలో, అంటే సుమారు 500 మీటర్ల లోపల, మనుషులు ఉండకూడదు. గొయ్యి ఊరిని తాకకుండా కాస్త అవతల ఉన్నా ఊరు లేవాల్సి రావడం అందుకే.

ఊరంతా కలిసి వద్దంటే ఆగుతుందా?

ఒక్కోసారి ఆగింది. పెరూ దేశంలో తంబోగ్రాందె అనే ఊరుంది. నిమ్మ, మామిడి తోటల ఊరు, కాలువ నీళ్ళతో బతికే ఊరు, అంటే మనకి బాగా అర్థమయ్యే ఊరు. ఊరి కిందే ఖనిజం ఉందని కెనడా కంపెనీ వచ్చింది. 2001 మార్చిలో ఉద్యమ నాయకుడు గొడోఫ్రెడో గార్సియా బాకాను కాల్చి చంపారు. అయినా జనం తగ్గలేదు. 2002 జూన్ 2న మునిసిపాలిటీయే ఓటింగ్ పెట్టింది. ఓటేసిన వాళ్ళలో నూటికి 90 మందికి పైగా వద్దన్నారు. ఆ ఓటుకి చట్టం విలువ లేదని ప్రభుత్వం అంది. కానీ 2003 చివరికి కంపెనీకి ఆ ప్రాజెక్టు దక్కలేదు. నిమ్మకాయ లేకపోతే దేశంలో అందరూ ఇష్టంగా తినే చేపల వంటకమే ఉండదని వాళ్ళు చేసిన ప్రచారం రాజధాని వాళ్ళకి కూడా ఎక్కింది.

మన దగ్గర 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రభుత్వం ప్రైవేటు కంపెనీ కోసం భూమి సేకరిస్తే నూటికి 80 మంది బాధిత కుటుంబాల సమ్మతి కావాలి, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 మందిది. ప్రభుత్వం తన సొంత అవసరానికి తీసుకుంటే సమ్మతి షరతు లేదు. కంపెనీ రైతు దగ్గర నేరుగా కొనుక్కుంటే అది మామూలు బేరం, ఎవరి బేరం వాళ్ళది. ఏజెన్సీలో పరిస్థితి వేరు: అక్కడ గిరిజనేతరులకి భూమి బదిలీ కాకుండా 1970 నాటి చట్టం, వన్ ఆఫ్ సెవెంటీ, ఉంది. ప్రైవేటు కంపెనీలకి గని లీజులు ఇవ్వడానికి వీల్లేదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డెల్టాలో మనకి ఆ రక్షణ లేదు.

## సర్వే, లెక్క

సర్వే వాళ్ళొచ్చి చెట్లు లెక్కపెడుతున్నారు. నేను పక్కనే నిలబడాలా? వాళ్ళకి తెలీదా ఏంటి?

నిలబడాలి. ఆ రోజు పనులన్నీ మానుకుని నిలబడాలి. తర్వాత వచ్చే గొడవల్లో నేను చూసినవాటిలో ఎక్కువ భాగం ధర దగ్గర పుట్టలేదు, ఈ లెక్క దగ్గరే పుట్టాయి.

అక్కడ మేం చేసింది చెప్తాను. ఘనాలో భూమి సాగుచేసేవాళ్ళకి ప్రాణం కోకో. మా నాన్న కొబ్బరి తోటలో అంతర పంటగా కోకో ఉండేది కాబట్టి చెట్టు చూస్తే కాపు ఎన్నేళ్ళదో చెప్పగలను, ఉద్యోగం వచ్చింది కూడా దాంతోనే. ముగ్గురం వెళ్ళేవాళ్ళం. ఒక కుర్రాడి చేతిలో ఎర్ర రంగు డబ్బా, ఇంకొకడి చేతిలో ఫారం. నేను నెంబరు అరుస్తాను, వాడు మొదలు మీద వేస్తాడు, వీడు రాసుకుంటాడు. కాపు చెట్టు, లేత చెట్టు, నారు మొక్క: మూడు గడులు. ఒకరోజు ఒక ముసలావిడ తోట. కోకో అంతా అయ్యాక ఆవిడ నా చొక్కా పట్టుకుని చెట్ల నీడన ఉన్న అరటి బోదెలు చూపించింది. వాటి కిందే మన చేమలాంటి దుంప. ఆవిడ రోజూ తినేది అదే, కోకో అమ్ముకునేది. మా ఫారంలో దానికి గడి లేదు. "ఇతరాల్లో రాస్తాం" అని చెప్పించాను. ఇతరాలు అనే గడి కూడా లేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకి తెలీదు. తర్వాత ప్రతి బుధవారం ఫిర్యాదుల టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చునేది. అరటికి విడిగా లెక్క వేయించడానికి నెలలు పట్టింది, అప్పటికి తోట లేదు.

మన తోటలోనూ అంతే కదా. పైన కొబ్బరి, మధ్యలో కోకో, పోక, అరటి, కింద కంద, పసుపు. మన దగ్గర పండ్ల చెట్లకి ఉద్యాన శాఖ, కలప చెట్లకి అటవీ శాఖ, ఇళ్ళకీ షెడ్లకీ ఆర్ అండ్ బీ వాళ్ళు విలువ కడతారు. మకాం, బోరు, మోటారు షెడ్డు, పశువుల పాక, పుంత వైపు వేసిన కంచె, చెరువు గట్టు రాతికట్టు ఒక్కోటీ చూపించి రాయించండి. ఆ రాసిన కాగితం ఫోన్లో ఫొటో తీసుకోండి. చెట్టుకి కట్టిన విలువ మీద కూడా 100 శాతం సొలేషియం, అంటే బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము, వస్తుంది, కాబట్టి ఒక చెట్టు రాయకపోతే రెండు చెట్ల డబ్బు పోయినట్టు.

కటాఫ్ తేదీ అంటే ఏంటి? అంతలోపు నాలుగు మొక్కలు నాటేసుకుంటే తప్పేంటి?

ఆ తేదీ తర్వాత కట్టిన ఇంటికి, నాటిన మొక్కకి లెక్క ఉండదని చెప్పే గీత అది. గీత ఎక్కడ గీస్తారో ముందే వాసన పట్టినవాళ్ళు రంగంలోకి దిగుతారు. ఘనాలో రాత్రికి రాత్రి గోడలు లేచేవి, పైకప్పు లేదు, కిటికీ లేదు, లోపల గడ్డి. కోకో నారు జానెడు దూరంలో నాటేవాళ్ళు, అలా నాటితే ఒక్కటీ బతకదు. చాలావరకు అవి ఊరివాళ్ళవి కావు, పట్నం నుంచి వచ్చి వాటాకి కట్టించినవాళ్ళవి. మన దగ్గర బైపాస్ గీత బయటికి రాగానే చేలో కొబ్బరి మొక్కలు లేచినట్టే.

తప్పొప్పులు పక్కన పెడితే, నష్టం అసలువాళ్ళకే. ఇలాంటివి పదిశాతం కనబడగానే సర్వే వాళ్ళు అందర్నీ అనుమానిస్తారు. నిజంగా కొడుకు పెళ్ళికి గది వేసుకున్నవాడు కూడా రుజువులు పట్టుకుని తిరగాలి. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, పాత ఫొటో దాచుకోండి.

నేను కౌలుకి చేస్తున్నాను. భూమి నాది కాదు. నాకేమైనా వస్తుందా?

భూమి విలువ రాదు. కానీ మీరు "బాధిత కుటుంబం" కింద లెక్కకి వస్తారు. సేకరణకి ముందు మూడేళ్ళుగా ఆ ప్రాంతంలో కౌలుకో పాలుకో చేస్తూ, అదే ప్రధాన జీవనాధారమైన వాళ్ళని 2013 చట్టం చేర్చింది. కూలీలు, చేతిపనివాళ్ళు కూడా ఇందులోకి వస్తారు. పునరావాస భత్యాలకి అర్హత అక్కడే వస్తుంది.

చిక్కల్లా రుజువు. డెల్టాలో సగానికి సగం మక్తా నోటిమాట మీద నడుస్తుంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సాగుదారు కార్డు ఇస్తారు, 11 నెలలకి. దానికి ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమో అని ఆసామి భయం, అడిగితే వచ్చే ఏడు మక్తా ఇవ్వడేమో అని కౌలుదారు భయం. కార్డు లేకపోతే ఈ-పంట నమోదు, ధాన్యం అమ్మిన రసీదు, ఎరువుల బిల్లు, సొసైటీ అప్పు కాగితం ఏది ఉంటే అది పట్టుకోండి. గ్రామసభలో నలుగురి ముందు మీ పేరు చదివించుకోండి.

మా వాడికి 18 నిండాయి, పెళ్ళి కాలేదు. విడి కుటుంబంగా రాస్తారా?

రాయాలి. పెళ్ళైనా కాకపోయినా, మగైనా ఆడైనా, మేజరు విడి కుటుంబమే అని చట్టంలో ఉంది. వితంతువులు, విడాకులైనవాళ్ళు, భర్త వదిలేసిన ఆడవాళ్ళు కూడా విడి కుటుంబాలే. తేదీ ఏది అన్నదే పేచీ. పోలవరం ముంపు ఊళ్ళ వాళ్ళు ఎక్కువగా కొట్లాడింది దీని మీదే: లెక్క రాసిన నాటికి 16 ఏళ్ళున్న పిల్లాడికి ఊరు ఖాళీ చేసే నాటికి 22 వచ్చాయి. ఆడపిల్లల పేర్లు పెళ్ళి చేసి పంపేస్తాం కదా అని ఇంట్లోవాళ్ళే రాయించకపోవడం కూడా నేను చూశాను.

## డబ్బు

ఎకరానికి ఎంత రావాలి? లెక్క ఎలా కడతారు?

రిజిస్ట్రేషన్ విలువ ఒకటి. గత మూడేళ్ళలో చుట్టుపక్కల జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు ఇంకొకటి. వీటిలో ఏది ఎక్కువైతే అది మార్కెట్ విలువ. పల్లెల్లో దాన్ని 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన అంకెతో హెచ్చిస్తారు. చెట్లు, కట్టడాల విలువ కలుపుతారు. మొత్తానికి అంతే సొమ్ము సొలేషియం. మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం.

మనవాళ్ళకి దెబ్బ తగిలేది మొదటి మెట్టు దగ్గర. స్టాంపు డ్యూటీ మిగులుతుందని ఎకరం అరవైకి కొని ఇరవైకి రాయించుకుంటాం. ఊరంతా అలా రాయించుకున్నాక సగటు కూడా ఇరవై దగ్గరే ఉంటుంది. సేకరణ అధికారిని తిట్టుకుని లాభం లేదు, ఆ అంకె రాసింది మనమే.

2013 భూసేకరణ చట్టం కింద వచ్చిన పరిహారం మీద ఆదాయపు పన్ను లేదు. బ్యాంకు వాళ్ళు తికమక పెడితే 96వ సెక్షన్ చూపించండి.

డబ్బు తక్కువనిపించింది. తీసుకుంటే కేసు వేయలేనా?

తీసుకోవచ్చు, వేయొచ్చు. అయితే సంతకం పక్కన "అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను" అని రాయాలి. ఆ మాట రాయకుండా తీసుకుంటే ఎక్కువ అడిగే హక్కు పోతుంది. అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే కలెక్టరు ఉత్తర్వు, ప్రకటించినప్పుడు మీరు అక్కడే ఉంటే ఆరు వారాల్లో కలెక్టరుకి దరఖాస్తు పెట్టాలి.

మా తోట కింద గ్యాస్ పైపు వేశారు. భూమి మీదేగా అని పదిశాతం చేతిలో పెట్టారు. ఇదేం న్యాయం?

1962 నాటి పైపులైన్ల చట్టం అంతే చెప్తుంది. భూమి మీ పేరునే ఉంటుంది, వాడుకునే హక్కు వాళ్ళది, అందుకు మార్కెట్ విలువలో 10 శాతం, పంట నష్టం విడిగా. వరి చేనుకైతే సర్దుకోవచ్చు, వచ్చే కారుకి మళ్ళీ ఊడుస్తారు. కొబ్బరి తోటకి మాత్రం ఇది పెద్ద దెబ్బ: ఆ పట్టీలో మళ్ళీ చెట్టు నాటకూడదు, ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు. కాబట్టి పోయిన చెట్టుకి ఈ ఏడాది కాయల లెక్క ఒప్పుకోకండి, మిగిలిన కాపు ఏళ్ళన్నిటికీ అడగండి. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు పేలిన తర్వాత పైపు దగ్గర ఇల్లున్నవాళ్ళు భద్రత సంగతి అడగడం మొదలెట్టారు. అంతకుముందు అడిగింది డబ్బు ఒక్కటే.

డబ్బు తీసుకుందామా, భూమికి భూమి అడుగుదామా?

సాగు తప్ప ఇంకో పని రాని ఇంటికి భూమే. ప్రపంచబ్యాంకు గ్రూపులోని అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ తన అప్పు తీసుకునే గనులకి పెట్టిన 5వ ప్రమాణం కూడా, భూమి మీద బతికేవాళ్ళకి వీలైనంతవరకు భూమే చూపించమంటుంది. మన చట్టంలో సాగునీటి ప్రాజెక్టు ముంపు వాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి భూమికి భూమి నిబంధన ఉంది, మిగతావాళ్ళకి అంత గట్టిగా లేదు.

ఘనాలో పరిహారం పంచిన నెలలో పక్క ఊరి సంతలో మోటారు సైకిళ్ళ దుకాణాలు లేచాయి. ఏడాదికి అవే బళ్ళు సగం ధరకి అమ్మకానికి వచ్చాయి. మనవాళ్ళూ తక్కువేం తినలేదు. డబ్బు తీసుకోక తప్పకపోతే ఖాతా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని పట్టుబట్టండి.

ఘనాలో పరిహారం ఊరి రాజుకే పోతుందట, నిజమేనా?

సగం నిజం. అక్కడ చాలా భూమి తెగ పెద్ద పీఠం కింద ఉంటుంది. ఆయన్ని "నానా" అంటారు, మన నాన్న కాదు. పంటకి, ఇంటికి పరిహారం సాగుచేసేవాళ్ళకే రావాలి. కానీ పీఠం భూముల మీద వచ్చే ఆదాయాన్ని రాజ్యాంగమే పంచుతుంది: నిర్వహణకి 10 శాతం తీసేశాక మిగిలిన దాంట్లో పీఠానికి 25, సంప్రదాయ మండలికి 20, జిల్లా అసెంబ్లీకి 55 శాతం. దున్నేవాడి పేరు ఇందులో లేదు. కుర్రకారు కంపెనీ మీద కన్నా పెద్దాయన మీద కోపంగా ఉండటం అందుకే.

## ఖాళీ చేయడం

డబ్బు పూర్తిగా రాకముందే పొక్లెయిన్ తెచ్చారు. దిగనివ్వాలా?

అక్కర్లేదు. పరిహారం మొత్తం, పునరావాస సొమ్ము ఇచ్చాకే స్వాధీనం చేసుకోవాలని 2013 భూసేకరణ చట్టం 38వ సెక్షన్ చెప్తుంది. అవార్డు నుంచి పరిహారానికి మూడు నెలలు, పునరావాస సొమ్ముకి ఆరు నెలల గడువు. పొక్లెయిన్ ముందు పడుకోకండి. వీడియో తీయండి, తహసీల్దారుకి, ఆర్డీవోకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, అదే రోజు వకీలుని కలవండి.

కాలనీలో శ్లాబు ఇల్లు ఇస్తున్నారు కదా. ఇంకా ఏడుపెందుకు?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళకి సాధారణంగా ఊరు పోయి ఉండదు. ప్రపంచబ్యాంకులో పనిచేసిన సామాజికశాస్త్రవేత్త మైకేల్ సెర్నియా నిర్వాసితులు పోగొట్టుకునేవి ఎనిమిది రకాలుగా లెక్క వేశాడు. ఇల్లు వాటిలో ఒకటి. భూమి, పని, తిండి, ఆరోగ్యం, సమాజంలో స్థానం, ఊరుమ్మడి చెరువూ పచ్చికా, చుట్టూ ఉన్న మనుషులు మిగతావి.

చూసినంతలో మనుషులు వేరుపడటమే ఎక్కువ కుంగదీస్తుంది. కాలనీలో ఇళ్ళు లాటరీ తీసి ఇస్తారు. ముప్ఫై ఏళ్ళు పక్కింట్లో ఉండి, జ్వరమొస్తే గంజి కాచి పోసినావిడ ఇప్పుడు నాలుగు వీధుల అవతల ఉంటుంది. ఇంటి ముందు అరుగు ఉండదు, వంటకి ఇచ్చిన గదిలో పొయ్యి పెడితే పొగ పోదు, కోళ్ళకి చోటుండదు. లాటరీ వద్దు, వీధి వీధినీ కలిపి వేయండి అని సంతకాలు పెట్టించి ముందే అడిగిన ఊళ్ళు కొంత బాగుపడ్డాయి. దానికి పైసా ఖర్చు కూడా లేదు.

గుడి, శ్మశానం సంగతేంటి?

మన చట్టం కాలనీలో ప్రార్థనా స్థలానికి, శ్మశానానికి చోటు ఉండాలంటుంది. ఘనాలో సమాధులు తవ్వి తరలించేటప్పుడు కుటుంబానికి క్రతువు ఖర్చులు ఇచ్చేవాళ్ళం, గొర్రె, సారా, తెల్లబట్ట. ఆ పనికి మొహమాటపడి తొందర చేసిన చోటల్లా పని ఆగిపోయింది.

## గొడవలు

అక్కడ గనుల దగ్గర కాల్పులు ఎందుకు జరుగుతాయి?

టాంజానియాలో నార్త్ మారా గని చూడండి. గని రాకముందు ఆ రాళ్ళు కొట్టుకుని బంగారం తీసుకున్నది చుట్టుపక్కల జనమే. గని వచ్చాక అదే పని దొంగతనమైంది. వాళ్ళు గోడ దూకి పారబోసిన రాయి ఏరుకోవడానికి వస్తారు, కాపలాకి పోలీసులుంటారు. 2011 మేలో ఒక్కరోజే కనీసం అయిదుగురు కాల్పుల్లో చనిపోయారు. బాధితులు లండన్లో కేసు వేస్తే 2015లో రాజీ కుదిరింది. అదే దేశంలో బుల్యన్‌హులులో 1996 ఆగస్టులో వేల మంది చిన్న తవ్వకందార్లని ఖాళీ చేయించారు. కొందరు గోతుల్లోనే పూడుకుపోయారని ఆరోపణ, ప్రభుత్వమూ కంపెనీ కాదన్నాయి. ముప్ఫై ఏళ్ళవుతున్నా ఆ మాట అక్కడ ఆరలేదు.

ఇళ్ళు, పొలాలు లెక్క రాసినవాళ్ళు ఈ తవ్వకందార్లని రాయలేదు. వాళ్ళకి పట్టా లేదు, పంట లేదు. గోతిలోకి దిగే తాడు మాత్రమే ఉంది.

గలమ్సే అంటే ఏంటి? మన ఇసుక ర్యాంపులాంటిదా?

ఘనాలో అనుమతి లేని చిన్న తవ్వకాన్ని అలా అంటారు. "ఏరి అమ్ముకో" అనే ఇంగ్లిషు ముక్క అరిగి అలా అయింది. మొదట పారా తట్టా. తర్వాత చైనా నుంచి పొక్లెయిన్లు, పడవ మీద యంత్రాలు దిగాయి. 2013లో నాలుగు వేలకు పైగా చైనా వాళ్ళని వెనక్కి పంపారు. పని ఆగలేదు. ప్రా, అంకోబ్రా, బిరిమ్ నదులు మనకి ఆషాఢంలో ఎర్రనీరు వచ్చినట్టు ఉంటాయి, అక్కడ ఏడాది పొడుగునా.

ర్యాంపుతో పోలిక కొంతవరకు నిజం: పగలు పేదవాడి పని, రాత్రి పెద్దవాళ్ళ లారీలు, పట్టుబడేది పగటివాళ్ళు. తేడా పాదరసం. బంగారం రేణువుల్ని పట్టడానికి పాదరసం కలిపి, నిప్పు మీద కాలుస్తారు. ఆ పొగ పీల్చేది ఇంట్లో పిల్లలే.

సైనైడు నీళ్ళలో కలిస్తే చుట్టుపక్కలవాళ్ళంతా పోతారా?

సైనైడు ఎండకీ గాలికీ విరిగిపోతుంది, కానీ ఒక్కసారిగా ఎక్కువ వదిలితే ఆ లోపే ఘోరం జరుగుతుంది. 2000 జనవరి 30న రుమేనియాలో బయా మారె దగ్గర బురద కట్ట తెగి లక్ష ఘనపు మీటర్ల సైనైడు నీరు టిసా, డాన్యూబ్ నదుల్లో కలిసింది. టన్నుల కొద్దీ చేపలు తేలాయి. సైనైడు వాడే గనులకి అంతర్జాతీయ నియమావళి ఆ తర్వాతే వచ్చింది. పాదరసం అలా విరగదు, బురదలో చేరి చేపల్లోంచి మనిషిలోకి వస్తుంది.

మా అబ్బాయికి ఆఫ్రికా బంగారు గనిలో ఉద్యోగం వచ్చింది. పంపమంటారా?

పెద్ద లైసెన్సు గని అయి, ఉద్యోగ వీసా, కాంట్రాక్టు కాగితం చేతిలో ఉంటే పంపండి. "ముందు టూరిస్టు వీసా మీద రండి, తర్వాత మారుద్దాం" అంటే వద్దు. నది ఒడ్డు తవ్వకాల్లో యంత్రం నడపడానికి పిలిస్తే అసలు వద్దు. దేశాన్ని బట్టి కూడా ఉంటుంది. మాలి దేశంలో 2025 జులైలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ముగ్గురు భారతీయుల్ని సాయుధులు ఎత్తుకుపోయారు. వెళ్ళగానే మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోమనండి.

## గని మూసేశాక

బంగారం అయిపోయాక ఊరు మళ్ళీ మనకిస్తారా?

కోలార్ గనులు 1880లో మొదలై 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. వాటిని నడిపిన సంస్థ చేతిలోనే ఉన్న మన రామగిరి, చిగురుగుంట కూడా ఆ కాలంలోనే ఆగిపోయాయి. ఇప్పుడు కోలార్లో ఉన్నవి సైనైడు మట్టి గుట్టలు, గాలి వీస్తే ఊరి మీదికి వచ్చే దుమ్ము, తెల్లవారుజామున మారికుప్పంలో బెంగళూరు రైలు ఎక్కే జనం. పూడ్చి, మొక్కలు నాటి అప్పగించాలని ఇప్పుడు నియమాలున్నాయి. గుట్టల మీద మొక్కలు పెరగడం నేనూ చూశాను. గొయ్యి మాత్రం ఎక్కువచోట్ల గొయ్యిగానే ఉండిపోతుంది, నీళ్ళు నిండుతుంది.

మీరు లెక్కపెట్టిన ఊరు ఇప్పుడెలా ఉంది?

ఊరు లేదు, అక్కడ రాళ్ళ గుట్ట ఉంది. కాలనీ ఉంది. నాతో పనిచేసిన కుర్రాడు అప్పుడప్పుడు ఫొటోలు పంపుతాడు. ఆ ముసలావిడ ఇంటి గోడకీ మురుగు కాలువకీ మధ్య మూడడుగుల జాగాలో ఒక అరటి వేసింది. ఫొటోలో బోదె మీద ఎర్ర రంగుతో నెంబరు ఒకటి అని ఉంది. మళ్ళీ సర్వే ఏమైనా వచ్చిందా అని అడిగాను. లేదు, ఆవిడే రంగు తెప్పించి వేయించుకుందట.